పగలు మూసుకోని గేటు: ఇంట్లో కట్టిన నాయిస్ గేట్ పెడల్ రిపేరు

"అన్నా, రాత్రి ఇంట్లో పెడితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆదివారం పొద్దున చర్చిలో పెడితే అస్సలు పనిచేయదు. ఎర్తింగ్ సమస్య అంటున్నారు."

కడపలో నా దగ్గరకు వచ్చేవి ఎక్కువగా సౌండ్ సర్వీసు వాళ్ల ఆంప్లిఫయర్లు, కాలిపోయిన స్పీకర్లు, పెళ్లిళ్ల సీజన్‌లో మూగబోయిన మైకులు. గిటార్ పెడల్, అంటే గిటార్‌కూ ఆంప్‌కూ మధ్య పెట్టి కాలితో నొక్కే డబ్బా, రావడం అరుదు. సొంతంగా చేసుకున్న పెడల్ రావడం ఇంకా అరుదు. తెచ్చిన తమ్ముడు డిగ్రీ చదువుతున్నాడు, చర్చిలో గిటార్ వాయిస్తాడు. ఇంటర్నెట్‌లో దొరికిన సర్క్యూటు చూసి డాట్ బోర్డు మీద తానే సోల్డర్ చేసుకున్నాడు. డబ్బా మాత్రం ఇంటి వైరింగ్‌కి వాడే తెల్ల పీవీసీ సర్ఫేస్ బాక్సు. సోల్డరింగ్ చూసి ముచ్చటేసింది. నేను అతని వయసులో ఇంత శుభ్రంగా చేయలేదు.

మన దగ్గర సౌండ్‌లో ఏది తేడా వచ్చినా మొదట ఎర్తింగ్ మీదికే పోతారు. సగం సార్లు నిజం కూడా. అందుకే ఆ మాట కొట్టిపారేయలేదు. కానీ అదే చర్చిలో అదే ప్లగ్గుకు పెట్టిన మిగతా పెడల్స్ అన్నీ బాగానే ఉన్నాయట. ఎర్తింగ్ చెడితే ఒక్కదానికే చెడదు కదా.

కూర్చోబెట్టి అడిగితే మూడు ఫిర్యాదులు తేలాయి. వాయించనప్పుడు హోరును ఆపాల్సిన నాయిస్ గేట్ ఇది. చర్చిలో గేటు మూసుకోదు, వాయించడం ఆపినా హోరు ఆగదు. ఎక్కడైనా సరే, గేటు తెరుచుకున్న ప్రతిసారీ స్పీకర్‌లో "టప్" మంటుంది. బ్యాటరీ పాతబడే కొద్దీ ఎవరూ వాయించకుండానే గేటు పుటపుటమని తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. ఈ మూడూ ఒకే జబ్బు లక్షణాలని అతను అనుకున్నాడు. నేనూ అలాగే అనుకోవడం వల్ల ఒక పూట పోయింది.

పెడల్‌లో ఏముంది

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. నాయిస్ గేటుకు పాటేదో హోరేదో తెలియదు. వచ్చే సిగ్నల్ ఎంత పెద్దదో అదొక్కటే దానికి తెలుసు. మనం పెట్టిన హద్దు కంటే పెద్దదైతే దారి తెరుస్తుంది, చిన్నదైతే మూస్తుంది. వాయిస్తున్నప్పుడు పాటతో పాటు హోరు కూడా లోపలికి వస్తుంది, కాకపోతే పాట చాటున వినపడదు. ఈ సంగతి ఆ తమ్ముడికి ముందే చెప్పాను. గేటు పెడితే గిటార్ శుభ్రమైపోతుందని చాలామంది అనుకుంటారు.

ఇతని సర్క్యూటులో ఒకటే ఐసీ, 4558. అందులో రెండు ఆప్-ఆంప్‌లు, అంటే సిగ్నల్‌ను పెంచే భాగాలు, ఉంటాయి. మొదటి సగం బఫర్: గిటార్ సిగ్నల్‌ను తీసుకుని బలంగా ముందుకు పంపుతుంది. అక్కడినుంచి దారి రెండుగా చీలుతుంది. ఒకటి పాట వెళ్లే దారి, దాని మధ్యలో ఒక ఎల్‌డీఆర్ (వెలుగు పడితే రెసిస్టెన్స్ తగ్గే భాగం), ఆ తర్వాత గ్రౌండ్‌కు 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్. రెండోది కాపలా దారి. ఐసీ రెండో సగం సిగ్నల్‌ను 500 రెట్ల వరకు పెంచుతుంది. ఎన్ని రెట్లో నిర్ణయించేదే బయట ఉన్న నాబ్. పెరిగిన సిగ్నల్‌ను రెండు 1ఎన్4148 డయోడ్లు డీసీగా మార్చి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్‌లో నింపుతాయి. ఆ వోల్టేజీ ఒక బీసీ547 ట్రాన్సిస్టర్‌ను లేపుతుంది, అది ఒక ఎల్‌ఈడీని వెలిగిస్తుంది. ఆ ఎల్‌ఈడీ ఎల్‌డీఆర్ ముఖం మీదే ఉంటుంది. వెలుగు పడితే ఎల్‌డీఆర్ రెసిస్టెన్స్ కిలో ఓమ్ దరిదాపులకు దిగి పాట దాటిపోతుంది. చీకటైతే మెగా ఓమ్‌కు ఎగబాకి దారి మూస్తుంది.

ఎల్‌డీఆర్ అంటే మన వీధి దీపాలు చీకటి పడగానే వెలగడానికి వాడేదే. పది రూపాయల వస్తువని చిన్నచూపు అక్కర్లేదు. స్టూడియోల్లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకునే టెలెట్రానిక్స్ ఎల్‌ఏ-2ఏ కంప్రెసర్ గుండె కూడా ఒక వెలిగే పలక, దాని ఎదురుగా ఫోటోసెల్.

కంపెనీ వాళ్లు ఎల్‌ఈడీ, ఎల్‌డీఆర్ రెంటినీ ఒకే నల్లటి గుళికలో సీలు చేసి అమ్ముతారు. అది కడపలో దొరకదు. తమ్ముడు రెండింటినీ ఎదురెదురుగా పెట్టి, వేడికి ముడుచుకునే నల్ల స్లీవు తొడిగాడు. వేడి చేస్తే ఎల్‌ఈడీ పోతుందేమోనని భయపడి స్లీవును సరిగా ముడుచుకోనివ్వలేదు. ఈ ముక్క ఆరోజే నా కంటపడింది. పడినా పట్టించుకోలేదు.

మొదటి పూట: తప్పు చోట వెతుకులాట

మూత తీసి బెంచి మీద పెట్టి, టేబుల్ ల్యాంపు దగ్గరకు లాగి, నా టెస్ట్ ఆంప్‌కు కలిపాను. గేటు మూసుకోలేదు. నాబ్ ఎటు తిప్పినా తెరిచే ఉంది. పైగా సన్నటి హమ్మింగ్. గిటార్ తీసేసి, ఏ సిగ్నలూ లోపలికి రాకుండా ఇన్‌పుట్‌ను షార్ట్ చేసినా పోలేదు. అడాప్టర్ తీసేసి బ్యాటరీ పెట్టినా పోలేదు. ఇక్కడ నేను ఆగి ఆలోచించాల్సింది. బ్యాటరీ మీద నడిచే డబ్బాలో, ఇన్‌పుట్ షార్ట్ చేసి ఉండగా, హమ్మింగ్ ఎక్కడిది?

ఆలోచించకుండా ఐసీ మీద పడ్డాను. సర్క్యూటులో రాసింది టీఎల్072, ఇతను వేసింది 4558. ఏడు రోడ్ల దగ్గర షాపుల్లో అడగ్గానే చేతికి వచ్చేది 4558 మరి. కాళ్ల వరుస రెంటికీ ఒకటే కాబట్టి పీకి టీఎల్072 పెట్టి చూశాను. ఏమీ మారలేదు. మళ్లీ 4558 పెట్టేశాను. ఈ పనికి అది సరిపోతుంది. అంతమంది మెచ్చుకునే ట్యూబ్ స్క్రీమర్ పెడల్‌లో ఉన్నదీ అదే.

తర్వాత జరిగింది నన్ను ఇంకా దారి తప్పించింది. విసుగొచ్చి మూత బిగించి పక్కన పెట్టాను. ఆంప్ ఆన్‌లోనే ఉంది. హమ్మింగ్ ఆగిపోయింది! గిటార్ పెడితే గేటు చక్కగా పనిచేస్తోంది. మూత తీశాను, మళ్లీ పాడు. వేశాను, బాగు.

ఇరవై ఏళ్లుగా రిపేర్లు చేస్తున్నవాడికి ఇలాంటప్పుడు ఒకటే తడుతుంది: లూజ్ కాంటాక్ట్. మూత నొక్కినప్పుడు ఎక్కడో ఒక వైరు టచ్ అవుతోంది, తీస్తే విడిపోతోంది అని తీర్మానించుకున్నాను. ప్లాస్టిక్ పుల్లతో ప్రతి వైరూ కదిపాను. చివరికి బోర్డు మొత్తం మళ్లీ సోల్డర్ చేశాను.

దానివల్ల ఒక మేలు జరిగింది. సగం వోల్టేజీ దగ్గరున్న 47 మైక్రోఫారడ్ కెపాసిటర్ నెగటివ్ కాలు డ్రై సోల్డర్. పైకి మెరుస్తూ ఉంది, లాగితే ఊడి వచ్చింది. 9 వోల్టులను రెండు 10 కిలో ఓమ్‌లతో సగం చేసి 4.5 వోల్టుల రిఫరెన్స్ తయారుచేస్తారు, అది కదలకుండా పట్టి ఉంచేదే ఈ కెపాసిటర్. అది లేనట్టే ఉంది కాబట్టి సప్లై ఎంత ఊగితే అందులో సగం రిఫరెన్స్ కూడా ఊగుతుంది.

పుటపుటలకు మూలం ఇదే. ఎల్‌ఈడీ వెలిగితే దాదాపు 7 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. అతని పాత బ్యాటరీ ఆ కాస్త లోడుకే 8.6 నుంచి 8.4 వోల్టులకు దిగడం మీటరులో కనబడింది. 0.2 వోల్టులో సగం 0.1 వోల్టు రిఫరెన్స్ మీద. కాపలా దారిలో ఐసీ ప్లస్ కాలు నేరుగా ఆ రిఫరెన్స్‌కే కట్టి ఉంది, దాని మీద 500 రెట్ల గెయిన్. అంటే గేటు తెరుచుకున్న కుదుపే ఇంకో సిగ్నల్‌లా కనిపించి గేటును మళ్లీ తెరుస్తుంది. ఎవరూ లేకపోయినా తన తలుపు తానే తట్టుకోవడం అన్నమాట. బ్యాటరీ ముసలిదైతే కుదుపు పెద్దది, అందుకే పాతబడే కొద్దీ ఎక్కువయింది.

కెపాసిటర్ సరిచేశాను. అంతటితో వదలకుండా ఎల్‌ఈడీకి సప్లై నేరుగా ఇచ్చి, ఐసీకి, రిఫరెన్స్‌కి మాత్రం 100 ఓమ్‌ల రెసిస్టర్ దాటించి 100 మైక్రోఫారడ్ వేశాను. ఎల్‌ఈడీ గ్రౌండ్ వైరును కూడా విడిగా సప్లై సాకెట్ దాకా లాగాను. పుటపుటలు పోయాయి. మూత తీస్తే గేటు మూసుకోకపోవడం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

కరెంటు పోయింది

మరునాడు సాయంత్రం "టప్" శబ్దం పని పట్టాను. ఇది కాగితం మీదే దొరికింది. బఫర్ ఔట్‌పుట్‌లో సిగ్నల్‌తో పాటు 4.5 వోల్టుల డీసీ ఉంటుంది. మామూలుగా ఎల్‌డీఆర్‌కు ముందే ఒక కెపాసిటర్ పెట్టి ఆ డీసీని ఆపాలి. ఇతను చూసిన బొమ్మలోనే తప్పుందో, ఇతనే పొరబడ్డాడో, కెపాసిటర్ ఎల్‌డీఆర్ దాటాక ఉంది. గేటు మూసి ఉంటే ఎల్‌డీఆర్ 1 మెగా ఓమ్, కింద 100 కిలో ఓమ్‌లు, కాబట్టి ఆ కలయిక దగ్గర సుమారు 0.4 వోల్టు. తెరుచుకుంటే దాదాపు 4.5. అంటే తెరిచిన ప్రతిసారీ 4 వోల్టుల గంతు. గిటార్ సిగ్నల్ వోల్టులో పదో వంతు ఉంటే, దాని పక్కన ఇది టపాకాయ లాంటిది.

లెక్క సరేగానీ మీటరు పెట్టి చూద్దామని, బ్యాటరీ వేసి, ఇన్‌పుట్ షార్ట్ చేసి, ఆ చోట ప్రోబ్ పెట్టాను. మూత తీసే ఉంది. 3.7 వోల్టులు. గేటు మూసుకోవాల్సిన స్థితిలో 0.4 రావాల్సింది. 3.7 అంటే ఎల్‌డీఆర్ 20 కిలో ఓమ్‌ల దగ్గర ఉంది, అంటే బార్లా తెరిచి ఉంది. ట్రాన్సిస్టర్ లీకేజీయేమోనని ఎల్‌ఈడీ కాలు ఒకటి ఊడబెరికాను. ఇక వెలిగే ప్రసక్తే లేదు. అయినా 3.7.

ఎల్‌డీఆర్ పాడైందనుకుంటున్నప్పుడు కరెంటు పోయింది. ట్యూబ్‌లైటు, ల్యాంపు రెండూ ఆరిపోయాయి. షట్టర్ సగం దించి ఉంది, బయట మునిమాపు వెలుగు. మీటరు బ్యాటరీ మీదే కదా, మసకలో అంకెలు కనబడుతున్నాయి: 3.1... 2.4... 1.6. దిగుతూ పోతోంది. కళ్లు చికిలించినా సరిగా కనబడక ఫోన్ టార్చ్ వేసి మీటరు మీద పట్టాను. 4 దాటింది. టార్చ్ ఆర్పాను, మళ్లీ దిగుముఖం.

కాసేపు పిచ్చోడిలా టార్చ్ వేస్తూ ఆర్పుతూ కూర్చున్నాను. తర్వాత ఎడమ చేతిని ఆ నల్ల స్లీవు చుట్టూ దోసిలిలా మూసి, టార్చ్ మీటరు మీద వేశాను. 0.4.

ఎల్‌డీఆర్ బ్రహ్మాండంగా ఉంది. ముడుచుకోని స్లీవు రెండు చివర్ల నుంచీ వెలుగు దూరుతోంది. నేను చూడడానికని మూత తీసి, ల్యాంపు దగ్గరకు లాగిన ప్రతిసారీ గేటును నేనే తెరుస్తున్నాను. మూత వేస్తే చీకటి, అందుకే బాగు. టచ్ అయ్యే వైరు ఏదీ లేదు.

హమ్మింగ్ గుట్టు కూడా అప్పుడే విడిపోయింది. నా బెంచి మీద ఉన్నది చోకు, స్టార్టర్ ఉన్న పాత ట్యూబ్‌లైటు. మన కరెంటు 50 హెర్ట్జ్, అలాంటి లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కంటికి తెలియదు, ఎల్‌డీఆర్‌కు కొద్దిగా తెలుస్తుంది. దాని మీద 4.5 వోల్టుల డీసీ కూడా ఉంది కాబట్టి ఆ మినుకు నేరుగా శబ్దమై బయటికొచ్చింది. బ్యాటరీ మీద హమ్మింగ్ ఎలా అని నాకు నేను వేసుకోవాల్సిన ప్రశ్నకు జవాబు తలపైనే వేలాడుతోంది.

ఒక్కమాట ఒప్పుకోవాలి. డీసీ ఆ తప్పు చోట లేకపోతే నాకు ఈ వెలుగు సంగతి ఇంత తేలిగ్గా దొరికేది కాదు. కెపాసిటర్ ఉండాల్సిన చోట ఉంటే మీటరు అక్కడ ఎప్పుడూ సున్నానే చూపిస్తుంది, కరెంటు పోయినా వచ్చినా. అతని ఒక తప్పు రెండో తప్పును పట్టించింది.

అప్పుడు ఫోన్ చేసి ఒకటే అడిగాను. "చర్చిలో నువ్వు నిలబడేది కిటికీ పక్కనా?"

"అవునన్నా. తూర్పు కిటికీ. ఎందుకు?"

పొద్దున ఎండ సూటిగా ఆ తెల్ల పీవీసీ డబ్బా మీద పడుతుంది. ఆ ప్లాస్టిక్‌కు వెనక టార్చ్ పెట్టి చూడండి, పాలగ్లాసులా వెలుగుతుంది. మూత బిగించినా లోపల వెలుగే. రాత్రి ఇంట్లో ట్యూబ్‌లైటు వెలుగు అంత లోపలికి పోదు. ఎర్తింగ్ పాపం ఏ పాపమూ ఎరగదు.

రిపేరు

కొత్త గుళిక చేశాను. నల్ల మార్కర్ పెన్ను మూత ముక్క కోసి, ఒక పక్క నుంచి ఎల్‌ఈడీ, ఇంకో పక్క నుంచి ఎల్‌డీఆర్ దూర్చి, కాళ్లు బయటికి వచ్చే చోట్ల ఎం-సీల్ ముద్ద పెట్టి ఆరనిచ్చాను. పైన రెండు పొరల నల్ల స్లీవు. స్లీవును ముందు ఖాళీ మూత మీద ముడిచి తర్వాత ఎల్‌ఈడీ పెడితే వేడి భయం ఉండదు. ఇన్సులేషన్ టేపు ఒక్కటే చుట్టి సరిపెట్టకండి. మన ఎండలకు జిగురు కరిగి నాలుగు నెలల్లో జారిపోతుంది.

బోర్డుకు పెట్టకముందే గుళికను షాపు మెట్ల మీద మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టి ఎల్‌డీఆర్ కాళ్లకు మీటరు పట్టాను, 2000 కిలో ఓమ్‌ల రేంజ్‌లో. మొదట 300 చూపించింది. ఒక మూల ఎం-సీల్ సరిగా అంటలేదు. మళ్లీ పూశాను. ఈసారి ఎడమ పక్కన 1 ఒక్కటే మిగిలింది, అంటే రేంజ్ దాటింది. పసుపు రంగు చిన్న మీటర్లు వాడేవాళ్లకు ఆ 1 తెలుసు.

కెపాసిటర్‌ను ఎల్‌డీఆర్‌కు ముందుకు మార్చాను, 1 మైక్రోఫారడ్ పాలిస్టర్. "టప్" పోయింది. పూర్తిగానా అంటే, ఆంప్ ఫుల్ పెట్టి చెవి ఆనిస్తే లీలగా ఏదో ఉంది.

పనిలో పనిగా ఎల్‌డీఆర్ తర్వాతున్న 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను 22 చేశాను. గేటు మూసినప్పుడు 100 ఉంటే సిగ్నల్ పదకొండో వంతుకు తగ్గుతుంది, సుమారు 21 డెసిబెల్స్. 22 పెడితే నలభై ఆరో వంతు, 33 డెసిబెల్స్. తెరిచి ఉన్నప్పుడు తేడా చెవికి ఆనదు. బఫర్‌కు ఆ లోడు ఒక లెక్కలోది కాదు.

10 మైక్రోఫారడ్ కెపాసిటర్ దగ్గర కొంత సతాయింపు. అది ఉంటే వాయించడం ఆపాక గేటు మూసుకోవడానికి ఆలస్యం, హోరు ఒక క్షణం వినబడి పోతుంది. 1 పెట్టి చూశాను. చటుక్కున మూసుకుంటుంది గానీ లావు తీగ మీద నోట్ సన్నబడేటప్పుడు వణుకు. ఆ తీగ 82 హెర్ట్జ్, ఒక్కో కంపనానికీ మధ్య 12 మిల్లీ సెకన్ల ఎడం. కెపాసిటర్ చిన్నదైతే ఆ ఎడంలోనే కరిగిపోతుంది. 4.7 దగ్గర రాజీ పడ్డాను. ఇది పూర్తిగా చెవి తీర్పు, ఇంకొకరు 2.2 అనొచ్చు.

డబ్బా మార్చమన్నాను. పీవీసీ వెలుగునే కాదు, హమ్మింగ్‌ను కూడా ఆపదు. మందపాటి అల్యూమినియం డబ్బా వచ్చేదాకా ఆగలేనన్నాడు. వంటింట్లోంచి చిన్న స్టీలు డబ్బా ఒకటి పట్టుకొచ్చాడు. దానికి రంధ్రాలు వేయడానికి నా డ్రిల్ బిట్లు రెండు బలైపోయాయి. అవి బిల్లులో వేశాను. వాళ్లమ్మ డబ్బా కోసం అడిగితే ఏం చెప్పాడో నాకు తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేశాడు. అదే కిటికీ, అదే ఎండ, గేటు మూసుకుంటోందట. "కానీ అన్నా, ప్రార్థన అప్పుడు మెల్లగా వేళ్లతో వాయిస్తా కదా. ఆ నోట్లు చివర తెగిపోతున్నాయి."

అంత మెల్లగా వాయించే నోటూ హోరూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటే గేటు ఏం చేస్తుంది? నాబ్ తిప్పి చూడమన్నాను. తిప్పాడట, హోరు వస్తోందట. అయితే ప్రార్థన అయ్యేదాకా కాలితో పెడల్ ఆపెయ్ అన్నాను.